నీడలో సాక్ష్యం: ‘ది ఫిల్త్ అండ్ ది ఫ్యూరీ’

సెక్స్ పిస్టల్స్ అనే బ్రిటిష్ పంక్ రాక్ బృందం కథను జూలియన్ టెంపుల్ రెండుసార్లు తెరకెక్కించాడు. 1980లో వచ్చిన ‘ది గ్రేట్ రాక్ అండ్ రోల్ స్విండిల్’ మేనేజర్ మాల్కమ్ మెక్‌లారెన్ పక్షాన నిలిచింది. బృందమంతా తన సృష్టేనని అందులో అతడి వాదన. 2000 నాటి ఈ డాక్యుమెంటరీలో మాట సంగీతకారులది. నడివయసుకు చేరిన వారిని దర్శకుడు నీడలుగానే చూపుతాడు. అందువల్ల 1976 నాటి యౌవనం తెరపై చెక్కుచెదరదు. అయితే ముఖకవళికలు కానరాని సాక్ష్యాన్ని ప్రేక్షకుడు దేనితో తూచాలి? సిడ్ విషస్ మరణాన్ని తలచుకుని జాన్ లైడన్ గొంతు పూడుకుపోయే ఘట్టంలో మాత్రం ఆ చీకటి దుఃఖానికి మరుగవుతుంది. చిత్రానికి ప్రాణం అక్కడే ఉంది. మెక్‌లారెన్‌కు అటువంటి మన్నన దక్కలేదు. మొదటి చిత్రంలోని ఏకపక్షతను టెంపుల్ ఇక్కడ తిరగవేశాడే గాని విడిచిపెట్టలేదు. మేనేజర్ ఒక రబ్బరు ముసుగుగా మిగిలిపోయాడు.