బైకు రాగల రోడ్డు

దారిలో బండి ఆగిపోతే ముందు బానెట్ ఎత్తాలి. లోపల ఏది ఏమిటో మీకు తెలియకపోయినా ఫరవాలేదు. ఫోన్ చూసుకుంటూ బండికి ఆనుకుని నిలబడితే, ఎవరికోసమో ఆగారనుకుని జనం వెళ్లిపోతారు. బానెట్ లేచి ఉంటే శ్రీశైలం రోడ్డు మీద ప్రతి రెండో బైకు నెమ్మదిస్తుంది.

మొన్న మంఖాల్ దగ్గర మాకు ఆ అవసరం పడింది. మా బావ ఉండేది డాలస్‌లో. వంటగది, పడక, స్నానాలగది అన్నీ చక్రాల మీదే ఉండే ఆర్వీ అద్దెకు తీసుకుని పిల్లలతో ఎల్లోస్టోన్ చుట్టి వచ్చిన మనిషి. అలాంటిది ఇక్కడ మాత్రం ఎందుకు కుదరదని, తెలిసినవాళ్ల పాత టెంపో ట్రావెలర్ తీసుకుని, వెనక సీట్లు విప్పించి పరుపులు పరిపించాడు. అత్తయ్య గ్యాస్ పొయ్యి, కుక్కరు, ఆవకాయ జాడీ ఎక్కించింది. (డీసీఎంలో పొయ్యీ గిన్నెలూ వేసుకుని జాతరలకు పోయే పల్లెజనం ఈ పని ఎప్పటి నుంచో చేస్తున్నారు. ఆ మాట అంటే బావకు నచ్చలేదు.)

తుక్కుగూడ దాటాక టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి పోయింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి. అమెరికాలో ట్రిపుల్ ఏ అనే సంఘం 1902 నుంచి ఉంది. సభ్యత్వం ఉంటే ఒక్క ఫోన్‌తో మనిషి వస్తాడు. బావ చెయ్యి అలవాటుగా ఫోన్ మీదికే పోయింది. మన జాతీయ రహదారులకూ 1033 ఉందని నేను చెబుతుండగానే రోడ్డవతల టీ కొట్టు నుంచి కేక వినిపించింది: “అన్నా, మూత తియ్యకుండ్రి!”

హీటెక్కిన రేడియేటర్‌లో నీళ్లు ఒత్తిడి వల్ల వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత తీయగానే ఆ ఒత్తిడి పోయి, ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. టీ కొట్టాయన ఇదంతా చెప్పలేదు. దగ్గరికొచ్చి మోచేతి మీది కాలిన మచ్చ చూపించాడు.

ఆ తర్వాత ఆయన అడిగింది బండి సంగతి కాదు. “యాడికి, శ్రీశైలమా? అయితే తొమ్మిదిలోపల మన్ననూరు దాటాలె.” నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే దారి అది. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర బండ్లు ఆపేస్తారు. అప్పటి నుంచి అక్కడ చేరిన ప్రతివాడూ ఆ గేటు నుంచి వెనక్కి లెక్క కట్టడమే. “ఆరింటికల్ల కదిలితే అందుకుంటరు” అని ఒకరు. “కల్వకుర్తిల ట్రాఫిక్ ఉంటది, ఐదున్నర అనుకో” అని ఇంకొకరు. ఎవరిని పిలవాలన్నదీ ఆ లెక్కలోనే తేలింది. మంచి మెకానిక్ మహేశ్వరంలో ఉన్నాడు గానీ లగ్గానికి పోయాడు. ఇంకొకాయన ఉన్నాడు గానీ లారీ కింద దూరాడు, ఇప్పట్లో లేవడు. మూడో మనిషి ఖాళీగా ఉన్నాడు, హోస్ పైపుల పని వచ్చు. దీన్ని మంచితనం అని ఊరుకుంటే సగమే చెప్పినట్టు. ఎవరు ఎక్కడున్నారో, ఎవరి చేతికి ఏ పని వచ్చో, ఏ గేటు ఎప్పుడు మూస్తారో, అన్నీ నోటికి ఉండటం రోజూ సాధన చేస్తే తప్ప రాని విద్య.

శివరాత్రి ముందు మాల వేసుకున్న స్వాములు ఈ దారినే నడిచిపోతారు, వాళ్లకు నీళ్లూ అన్నమూ పెట్టడం రోడ్డు పొడుగునా అలవాటే. టీ కొట్టాయన మాకు మంచినీళ్ల క్యాను తెచ్చిపెట్టిన తీరులో ఆ చేయి తిరిగినతనం కనిపించింది. అత్తయ్య పులిహోర పొట్లం ఇస్తే మొహమాటపడకుండా తీసుకున్నాడు. నాకు అది బాగా నచ్చింది. మన దగ్గర తీసుకోనివాడి సాయం మోయడం కష్టం.

మెకానిక్ టీవీఎస్ ఎక్సెల్ మీద సంచీ తగిలించుకుని వచ్చాడు. ఇంజిన్ చల్లబడేదాకా ముట్టుకోలేదు. హోస్ చిట్లింది క్లాంపు పక్కనే కాబట్టి ఆ ముక్క ఆక్సా బ్లేడుతో కోసి, మిగిలిన పైపు లోపలికి నెట్టి కొత్త క్లాంపు బిగించాడు. ఇంజిన్ నడుపుతూ గాలి బయటికి పోయేదాకా కొద్దికొద్దిగా నీళ్లు పోశాడు. “ఏసీ బందు పెట్టుకోండ్రి. వాపసొచ్చినంక కొత్త పైపు వేయించుండ్రి.” కూలి అడిగినంతే ఇచ్చాం, బేరం ఆడలేదు, ఎక్కువా పెట్టలేదు.

ఇదే హోస్ కాసేపు ముందు, ఔటర్ రింగ్ రోడ్డు మీద చిట్లి ఉంటే? 158 కిలోమీటర్ల, ఎనిమిది వరుసల ఆ రోడ్డు మీదికి బైకులను రానివ్వరు. రానివ్వకపోవడమే సరైనది, ఆ వేగంలో బైకు నలిగిపోతుంది. ప్రమాదమే జరిగితే పెట్రోలింగ్, అంబులెన్స్ ఉన్న ఔటరే నయం. కానీ ఎక్సెల్ మెకానిక్ అక్కడికి రాలేడు, టీ కొట్టాయన కేక కంచె దాటి వినిపించదు. విమానాశ్రయం 2008లో వచ్చాక ఈ చుట్టుపక్కల వేసే రోడ్లన్నీ ఔటర్ లాంటివే కావాలని అందరూ కోరుతున్నారు. నేనూ కోరుతున్నవాణ్నే.

ప్రమాదంలో పడ్డవాళ్లను ఆదుకున్నవారికి వేధింపులు లేకుండా 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చాల్సి వచ్చింది. చిట్లిన పైపుకు అంత భయం లేదు గనుక సెక్షన్ కూడా అక్కరలేదు. ఒక్క విషయానికి మాత్రం చట్టం గట్టిగా ఉంటే బాగుండునని నాకుంది. ఆగిన బండి వెనక రాళ్లు, కొమ్మలు పెట్టి, బాగయ్యాక వాటిని రోడ్డు మీదే వదిలేసి పోయే డ్రైవర్లున్నారు. చీకట్లో ఆ రాయి ఎక్కి పడేది బైకువాడే. మా వెనక రాళ్లు పెట్టిన కుర్రాడు, మేం బండెక్కుతుండగా చెప్పించుకోకుండానే వాటిని ఒక్కొక్కటే పక్కకు దొర్లించాడు.

మెకానిక్ నంబరు తర్వాత ఆ దారిన పోయే మిత్రుడికి ఇచ్చాను. అతనికి క్లచ్ వైరు తెగిందట. ఫోన్ చేస్తే “నేను కందుకూరుల ఉన్న” అని చెప్పి, ఇంకొకరి నంబరు ఇచ్చాడట.