అష్టపాది చెప్పిన సాక్ష్యము

దక్షిణ ధ్రువమును చుట్టియున్న సముద్రపు నీరు సున్నకు 1.9 డిగ్రీల దిగువ వరకు చల్లబడును. ఉప్పు కలిసియుండుటచేత అంతవరకు అది గడ్డకట్టదు. ఇట్టి నీటి అడుగున ప్రాణి బ్రతుకునా అను సందేహము కలుగుట సహజము. కాని ఆ సముద్రములలో ఇంతవరకు గుర్తింపబడిన జంతుజాతులు ఎనిమిది వేలకు పైబడియున్నవి. వానిలో అధికభాగము అడుగున పాకుచు, రాళ్లకు అంటుకొని, బురదలో దాగి బ్రతుకు వెన్నెముక లేని జీవులే. స్పంజికలు, నక్షత్ర చేపలు, సముద్రపు సాలెపురుగులు, నత్తలు, అష్టపాదులు ఈ కోవలోనివి.

ఈ జీవుల జన్యువులలోని వైవిధ్యమును ఆధారముగా గొని వెలువడిన రచనలలో, 2023 డిసెంబరులో ‘సైన్స్’ పత్రిక ప్రచురించిన వ్యాసమొకటి విశేషమైనది. ఆస్ట్రేలియాలోని జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయమునకు చెందిన శాలీ లా, జాన్ స్ట్రగ్నెల్ మున్నగువారు దీని కర్తలు. పశ్చిమ అంటార్కిటికాను కప్పియున్న మహా హిమఫలకము సుమారు 1,25,000 ఏండ్ల క్రిందట కూలిపోయినదని వారు ఒక చిన్న అష్టపాది జన్యువుల సాక్ష్యముతో వాదించిరి. ఈ వాదమునకు ఎంత బలమున్నదో, అది ఎక్కడ ఆగవలెనో పరిశీలింపదగియున్నది.

సంగారెడ్డి జిల్లాలోని కొల్లూరు దక్కను పీఠభూమిపై, సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. అక్కడి విద్యార్థికి ఈ అష్టపాదితో ఏమి పని అని అడుగవచ్చును. పశ్చిమ అంటార్కిటికా హిమఫలకమంతయు కరిగినచో ప్రపంచమున సముద్రమట్టము 3 మొదలు 5 మీటర్ల వరకు పెరుగునని అంచనా. ఆ నీరు కొల్లూరును చేరదు. కాని కృష్ణా, గోదావరి డెల్టాలలో అంతకంటె తక్కువ ఎత్తున ఉన్న పల్లెలు, వరిపొలములు అనేకము కలవు. పటాన్‌చెరు కర్మాగారములలో పనికై కోస్తా జిల్లాలనుండి వచ్చి స్థిరపడిన కుటుంబములకు అవి పుట్టిన ఊళ్లు. కనుక ఈ సాక్ష్యమును తూచి చూచుట మెట్టప్రాంతము వారికిని అవసరమే.

మొదట సాక్షిని గూర్చి తెలిసికొనవలెను. దీనికి టుర్కే అష్టపాది అని పేరు. 1905లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జూబిన్ దీనిని వర్ణించెను. ఇది చిన్న ప్రాణి. అంటార్కిటికా చుట్టును, లోతు తక్కువ తావులనుండి 1,000 మీటర్ల లోతు వరకు నివసించును. అనేక సముద్రజీవుల పిల్లలు నీటిలో తేలుచు, ప్రవాహములతో దూరదేశములకు పోవును. దీని పిల్లలు అట్టివి కావు. పెద్ద గ్రుడ్లనుండి వెలువడి, తల్లివలెనే అడుగున పాకుచు, పుట్టిన చోటికి సమీపముననే పెరుగును. అందుచే ఒక సముద్రపు అష్టపాదికిని మరియొక సముద్రపు అష్టపాదికిని దగ్గరి చుట్టరికము కనబడినచో, వాని పూర్వులు నడచిన బాట ఒకటి ఉండియుండవలెను.

ఈ తర్కమును ఊరి ఉదాహరణముతో గ్రహింపవచ్చును. ఒక పెద్ద చెరువునకు ఈవల ఒక ఊరు, ఆవల ఒక ఊరు ఉన్నవనుకొందము. ఇప్పుడు ఒకదానినుండి మరియొకదానికి చుట్టు తిరిగి పోవలెను. రెండు ఊళ్లలోను ఒకే ఇంటిపేర్లు విరివిగా ఉండి, చుట్టుదారిలోని ఊళ్లలో అవి అరుదుగా ఉన్నచో, చెరువు ఏర్పడకముందు అడ్డముగా ఒక బాట ఉండెనని ఊహించుట న్యాయమే. చుట్టుదారి ఊళ్లలో కూడ ఆ ఇంటిపేర్లు అంతే విరివిగా ఉన్నచో ఆ ఊహ నిలువదు.

అంటార్కిటికాలో చెరువు స్థానమున హిమఫలకమున్నది. దాని అడుగు చాలవరకు సముద్రమట్టమునకు దిగువన నేలను తాకియున్నందున, మంచు పోయినచో ఆ చోట సముద్రమార్గము ఏర్పడును. దానికి ఒక ప్రక్క వెడెల్ సముద్రము, మరియొక ప్రక్క అముండ్సన్, రాస్ సముద్రములు ఉన్నవి. శాలీ లా బృందము ఖండము చుట్టును సేకరింపబడిన 96 అష్టపాదుల డి.ఎన్.ఏ.ను పరీక్షించెను. ఈ మూడు సముద్రముల జీవులకు పూర్వము సూటియైన రాకపోకలు ఉండినవని వారికి తోచెను. ఆ కలయిక కడపటి వెచ్చని యుగమునకు, అనగా 1,29,000 మొదలు 1,16,000 ఏండ్ల క్రిందటి కాలమునకు సరిపోవుచున్నది. అప్పటి భూగోళపు సగటు వేడిమి పారిశ్రామిక యుగమునకు పూర్వముకంటె 0.5 నుండి 1.5 డిగ్రీలు మాత్రమే అధికము. సముద్రమట్టము మాత్రము నేటికంటె 5 మొదలు 10 మీటర్లు ఎత్తుగా ఉండెను.

ఈ ఊహ క్రొత్తది కాదు. ఆ హిమఫలకము పూర్వమొకసారి కరిగియుండునని జాన్ మెర్సర్ 1968లోనే సూచించెను. రాళ్లకు అంటి గుంపులుగా పెరుగు బ్రయోజోవా అను చిరుజీవులు వెడెల్, రాస్ సముద్రములలో ఒకే తీరున ఉండుటను 2010లో బార్న్స్, హిల్లెన్‌బ్రాండ్ చూపిరి. 2023 నాటి వ్యాసపు గొప్పతనము పోటీ ఊహలను వరుసగా పరీక్షించుటలో ఉన్నది. తీరము వెంబడి ప్రవాహములతో కొట్టుకొనివచ్చుట, హిమఫలకము కొంత మాత్రమే కరుగుట, పూర్తిగా కరుగుట అను మార్గములలో ఏది జన్యువుల తీరునకు సరిపోవునో కర్తలు లెక్కకట్టిరి. వస్తుప్రదర్శనశాలలలో భద్రపరచిన పాత నమూనాలను వినియోగించుట మరియొక గుణము. వానిని సేకరించి దాచినవారికి ఇట్టి ప్రశ్న తోచియుండదు. అయినను వారి శ్రమ ఫలించినది.

లోపముల విషయమునకు వచ్చినచో, ఖండమంతటికి 96 జీవులు చాలునా అని విద్యార్థులు అడుగుదురు. ఒక్కొక్క జీవిలోను వేలకొలది తావుల జన్యుభేదములు చదువబడుటచేత, ఈ సంఖ్య కనబడినంత స్వల్పము కాదు. అసలు జాగ్రత్త వేరొకచోట కావలెను. మొదటిది, లెక్కలో గెలిచిన ఊహ పోటీకి పెట్టిన ఊహలలో మేలైనది మాత్రమే. పోటీకి రాని ఊహను అది ఓడింపలేదు. రెండవది, జన్యువులలో గడియారము లేదు. జన్యువులలో మార్పు ఎంత వేగమున వచ్చును, తరమునకు ఎన్ని ఏండ్లు అను అంచనాలనుబట్టి కాలమును కట్టుదురు. అంచనా మారినచో కాలమును మారును.

ఇంతలో మరియొక సాక్షి వచ్చెను. 2025లో ‘నేచర్’ పత్రికలో ఎరిక్ వుల్ఫ్ బృందము, ఆ హిమఫలకము సరసనే ఉన్న స్కైట్రెయిన్ అను చోట త్రవ్వి తీసిన మంచు స్తంభమును గూర్చి వ్రాసెను. గాలితో వచ్చి మంచులో చిక్కిన సముద్రపు ఉప్పునుబట్టి, వెచ్చని యుగములో అధికకాలము వెడెల్ సముద్రముపై తేలు రోన్ హిమపటలము ఇంచుమించు నేటివలెనే నిలిచియున్నదని వారు తేల్చిరి. హిమఫలకము వెనుకకు తగ్గియుండవచ్చును గాని, తేలు పటలములతో సహా సమస్తమును మాయమైనదను మాట నిలువదని వారి అభిప్రాయము.

ఈ రెండు సాక్ష్యములును పరస్పర విరుద్ధములని తొందరపడి చెప్పరాదు. హిమఫలకము నేలను అంటియుండును. హిమపటలము నీటిపై తేలును. తేలు మంచు క్రింద సముద్రమున్నది. అక్కడ జీవులు బ్రతుకవను అభిప్రాయమును 2021లో ప్రకటింపబడిన ఒక సంగతి సడలించినది. ఫిల్ష్నర్-రోన్ పటలమునకు కన్నము వేసి దింపిన కెమెరాకు, బహిరంగ సముద్రమునకు 260 కిలోమీటర్ల దూరమున, ఒక బండను అంటి పెరుగుచున్న స్పంజికలు కనబడెను. కనుక పైన పటలము నిలిచియుండగనే, దాని ఆవల నేలనంటిన మంచు కరిగి అడుగు జీవులకు దారి ఇచ్చినదనుటకు అవకాశమున్నది. మంచు స్తంభము పైకప్పును గూర్చి చెప్పుచున్నది. అష్టపాది అడుగుబాటను గూర్చి చెప్పుచున్నది.

వ్యాసము హద్దు దాటినది చివరి మాటలోనే. హిమఫలకము తిరిగి కూలు ఘట్టము దగ్గరలో ఉన్నదని కర్తలు సూచించిరి. 2024 ఒక్క సంవత్సరపు సగటు వేడిమి 1.5 డిగ్రీల హద్దును దాటినందున, ఆ హెచ్చరికను తేలికగా తీసికొనరాదు. కాని ‘దగ్గర’ అనగా వంద ఏండ్లా, వేయి ఏండ్లా అనునది అష్టపాది జన్యువులు చెప్పజాలవు. అవి జరిగినదానిని చెప్పును. జరుగబోవుదానికి తేదీ వేయవు. ఈ భేదమును పాటింపని వార్తలు ముందు భయమును, తరువాత అపనమ్మకమును కలిగించును. డెల్టా రైతునకు ఆ రెండింటివలనను మేలు లేదు.

వ్యాసము తడవని విషయము మరియొకటి కలదు. ఈ వైవిధ్యము చరిత్రకు ఆధారము మాత్రమే కాదు, దానికదే ఒక సంపద. అంటార్కిటికాలో చిరకాలము ఒకే జాతిగా ఎంచబడిన ఈకనక్షత్రము పలు జాతుల సముదాయమని 2023లో జన్యుపరీక్ష వలన రుజువైనది. కంటికి ఒకటిగా కనబడునది పలువిధములై ఉండగా, లెక్కకు రాకముందే నశించునది ఎంత ఉండునో ఊహింపవచ్చును.

కొల్లూరునకు సమీపమున పటాన్‌చెరులో 1972లో వెలసిన ఇక్రిశాట్ సంస్థ జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మున్నగు పంటల విత్తన రకములను 1,20,000కు పైగా భద్రపరచినది. వానిలో వేలకొలది నమూనాల నకళ్లు 2008లో తెరవబడిన ఉత్తర ధ్రువ ప్రాంతపు స్వాల్‌బార్డ్ విత్తన భాండాగారమును చేరినవి. జొన్న రకము పొలమున నశించినను చలిగదిలో గింజ మిగులును. అష్టపాదులకు, ఈకనక్షత్రములకు ఇట్టి గది లేదు. సీసాలలోని నమూనాలు చదువుకు పనికివచ్చును గాని తిరిగి మొలకెత్తవు.

ఉన్నత పాఠశాలలో ఈ వ్యాసమును పాఠముగా చెప్పు ఉపాధ్యాయుడు 2025 నాటి వ్యాసమును కూడ దాని ప్రక్కన ఉంచుట మంచిది. ఒక్కొక్క సాక్షి దేనిని చూచినది, దేనిని చూడలేదు అని రెండు పట్టికలు వ్రాయింపవలెను. జీవశాస్త్రమున వైవిధ్యమను మాట ఎందులకు అంత విలువైనదో ఆ పట్టికలవలన విద్యార్థులకు తేటపడును.