చివరి పేజీ నుంచి చదవండి

చెన్నై షోళింగనల్లూరులో మా అపార్ట్‌మెంట్ నిండా ఐటీ కొలువులకు వచ్చిన తెలుగువాళ్లే. ఎన్నికలొస్తే తమిళ చానళ్లలో కచ్చతీవు గొడవ మొదలవుతుంది. ‘‘ఆ దీవిని అసలెవరిచ్చేశారంకుల్?’’ అని కుర్రాళ్లు అడుగుతారు. ఒప్పందాలు చదవడం నాకు పాత అలవాటు. ముందు చివరి పేజీ చూస్తాను, ఎవరి ఆమోదంతో అమల్లోకి వస్తుందో తెలుసుకోవడానికి. తర్వాత, దాని వెనకే నడిచొచ్చిన లేఖల కోసం వెతుకుతాను.

కచ్చతీవును శ్రీలంక వైపు ఉంచిన 1974 జూన్ ఒప్పందంలో ఐదో అధికరణం ఉంది. మన జాలర్లు, యాత్రికులు ఎప్పటిలాగే, వీసా లేకుండా కచ్చతీవుకు వెళ్లొచ్చంటుంది. 1976 మార్చిలో మరో సరిహద్దు ఒప్పందంతోపాటు రెండు ప్రభుత్వాలు లేఖలు మార్చుకున్నాయి. ఒకరి జలాల్లో మరొకరు చేపలు పట్టకూడదన్నది ఆ లేఖల్లోనే. అప్పుడు దేశంలో ఎమర్జెన్సీ, తమిళనాడులో రాష్ట్రపతి పాలన.

1974లోనే, మే నెలలో, బంగ్లాదేశ్‌తోనూ భూసరిహద్దు ఒప్పందం కుదిరింది. దానికోసం పార్లమెంటు 2015లో నూరో రాజ్యాంగ సవరణ చేసింది. కచ్చతీవుపై మాత్రం సభలో మంత్రి ప్రకటనే తప్ప ఓటింగ్ లేదు. ఈ తేడాకు మూలం సుప్రీంకోర్టు మాటల్లో ఉంది. భూభాగం వదులుకోవాలంటే రాజ్యాంగ సవరణ తప్పదని 1960లో, పాకిస్తాన్‌కివ్వబోయిన బేరుబారి ప్రాంతం వ్యవహారంలో చెప్పింది. సరిహద్దు తగాదా తీర్చుకోవడానికి అక్కర్లేదని 1969లో, పాకిస్తాన్‌తో కచ్ సరిహద్దు కేసులో తేల్చింది. కేంద్రం కచ్చతీవును రెండో ఖాతాలో వేసింది. 2008లో జయలలిత కోర్టుకెక్కింది బేరుబారి తీర్పును పట్టుకునే.

1976లో మనకు దక్కిందీ ఉంది. కన్యాకుమారి దగ్గర చేపలు పుష్కలంగా దొరికే వాడ్జ్ బ్యాంక్‌పై మన హక్కును శ్రీలంక ఒప్పుకుంది. సభలో చర్చ జరిగి ఉంటే ఇచ్చిందీ పుచ్చుకున్నదీ జనం పక్కపక్కన పెట్టి చూసుకునేవారు. ఇప్పుడు పోయిందే గుర్తుంది.

ఒప్పందం అమలుకు చట్టం చేసే అధికారాన్ని మన రాజ్యాంగం 253వ అధికరణం పార్లమెంటుకిచ్చింది గానీ, ముందుగా పార్లమెంటు ఆమోదం తీసుకోవాలని ప్రభుత్వానికి చెప్పలేదు. అమెరికాలో సెనేట్‌లో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. బ్రిటన్‌లో 2010 చట్టం ప్రకారం ఒప్పందాన్ని ధ్రువీకరించే ముందు సభ సమావేశమయ్యే 21 రోజులపాటు పార్లమెంటు ముందుంచాలి. మనకు ఆ బ్రిటన్ పద్ధతి చాలు. బేరసారాలు గుట్టుగా సాగనివ్వండి. సంతకమయ్యాక మాత్రం, దాన్ని మార్చే లేఖతో సహా, సభ ముందు పెట్టండి.