స్ట్రిప్ కత్తిరించే ముందు ఒక్క మాట

వికారాబాద్‌లో గానీ, తాండూరులో గానీ సాయంత్రం రద్దీ వేళ మెడికల్ షాపు ముందు కాసేపు నిలబడండి. చిట్టీ అందుకోవడం, అరలోంచి స్ట్రిప్ తీయడం, కత్తెరతో ఐదు గోలీలు కోసి కవర్లో వేయడం, డబ్బులు లెక్కపెట్టుకోవడం. ఇరువైపులా నోరు తెరవాల్సిన అవసరం లేకుండానే పని అయిపోతుంది. మందు తారుమారైందంటే డాక్టరుది కోడి కెలికినట్టున్న రాత అని తేల్చేస్తాం. రాతకు పాపంలో వాటా ఉంది, కాదనను. అయితే పెద్ద వాటా కౌంటర్ దగ్గరి ఈ మౌనానిదే అంటాను.

బ్రిటన్‌లో ఛాతీ ఇన్‌ఫెక్షన్ వచ్చిన ఒక ఆస్తమా రోగికి డాక్టరు అమాక్సిల్ అనే యాంటీబయాటిక్ రాశారు. ఫార్మసిస్టు దాన్ని డయోనిల్ అని చదివి షుగర్ గోలీలు ఇచ్చారు. షుగరు జబ్బే లేని మనిషికి రక్తంలో చక్కెర పడిపోయి మెదడు దెబ్బతింది. 1989లో అప్పీలు కోర్టు ఖాయం చేసిన తీర్పులో డాక్టరు బాధ్యత 25 శాతం, ఫార్మసిస్టుది 75 శాతం. రాత బాగోలేకపోయినా, రాసిన మోతాదు షుగర్ గోలీకి పొసగదని అనుమానం రావాల్సిందన్నది అక్కడి తర్కం. ‘మీకు షుగరుందా?’ అని అడిగితే ఆ గోలీ షాపు దాటేది కాదు. ఇక 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లి పట్టణ ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేయించుకున్న పసిపిల్లలకు పారాసిటమాల్ బదులు, తీవ్రమైన నొప్పులకు వాడే ట్రమడాల్ గోలీలు ఇచ్చారు. పసిప్రాణం పోయింది, మరెందరో పిల్లలు నీలోఫర్ ఆస్పత్రి పాలయ్యారు. అక్కడ తప్పు చదవడానికి చేతిరాతే లేదు. స్ట్రిప్ మీది పేరును పైకి చదివే అలవాటే కొరవడింది.

చేతిరాత మీద నల్లగొండకు చెందిన ఒక ఫార్మసిస్టు హైకోర్టు దాకా వెళ్లి పోరాడారు. జనరిక్ పేర్లు స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లో భారత వైద్య మండలి నిబంధన తెచ్చింది. మేలే జరిగింది. కానీ ఫాల్సిగో, ఫాల్సిటాబ్ లాంటి పేర్లు ఎంత పెద్దగా రాసినా కన్ను మోసపోతుంది. ఆ రెండు పేర్ల తగాదాలోనే 2001లో సుప్రీంకోర్టు, మందుల పేర్ల పోలిక విషయంలో మరింత కఠినంగా ఉండాలని చెప్పింది. పేరు సరిగ్గా చదివినా వాడకం తప్పొచ్చు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. నోటితో చెప్పకపోతే ఆ తేడా ఇంటిదాకా చేరదు.

రద్దీలో అంత తీరిక ఎక్కడిదని షాపువాళ్లు అడుగుతారు. నెలనెలా అవే బీపీ గోలీలు కొనేవారిని గుచ్చి గుచ్చి అడగనక్కర్లేదు. కొత్త మందు, పసిపిల్లల మందు, షుగర్ మందు, రక్తం పలచబడే మందు అయితే మాత్రం అడిగి తీరాలి. నలుగురిలో రోగం పేరు చెప్పుకోవడం ఆడవాళ్లకు ఇబ్బంది అంటారు. నిజమే. రోగం పేరు అడగొద్దు. ఎవరికి, వయసెంత, షుగరుందా అన్నవి చాలు. తాండూరులో తెలుగు, ఉర్దూ, కన్నడ మూడూ వినిపిస్తాయి, చిట్టీ పట్టుకొచ్చేది చాలాసార్లు రోగి కాదు, కొడుకో పక్కింటివారో. అందుకే అడగడం ఇంకా అవసరం. చిట్టీ మీది మందులు రిజిస్టర్డ్ ఫార్మసిస్టే ఇవ్వాలని 1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. గోడమీద సర్టిఫికెట్ ఒకరిది, కత్తెర ఇంకొకరిది అయిన చోట అడిగే చదువు ఎవరికుంటుంది?

షాపులవాళ్లకు నా విన్నపం ఇదే: పేరు పైకి చదవండి, ఎవరికని అడగండి, ఏ పూట వేసుకోవాలో కవరు మీద రాయండి. మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్కనే కొనేవారికి ఇవ్వండి. కొనేవారికీ ఒక మాట: వాళ్లు అడగకపోతే మీరే అడగండి. జవాబు వచ్చేదాకా కౌంటర్ దగ్గరి నుంచి కదలకండి.