తీగలు భూమిలో పాతినంత మాత్రమున చాలునా?

అనకాపల్లి జిల్లాలోని అచ్యుతాపురం సముద్రతీరపు పారిశ్రామిక ప్రాంతము. ఇచ్చటి ప్రత్యేక ఆర్థిక మండలిలో అనేక కర్మాగారములు కలవు. ఇదే తీరమున, ఈశాన్య దిశగా, గంగవరం, విశాఖపట్నం రేవులున్నవి. పూడిమడక వద్ద నిర్మింపదలచిన ఉదజని (హైడ్రోజన్) కేంద్రమునకు 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగినది. ఇట్టి చోట విద్యుత్తును, వార్తాసౌకర్యమును ఎట్లు అమర్చవలెనను ప్రశ్న ఇంజనీర్లకు మాత్రమే చెందినది కాదు. పనివారి ప్రాణములు దానిపై ఆధారపడి యున్నవి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరము దాటినది. గాలి వేగము గంటకు సుమారు 180 కిలోమీటర్లు. విద్యుత్ స్తంభములు వేలకొలదిగా కూలినవి. కరెంటుతోపాటు టెలిఫోనులును మూగవోయినవి. సెల్ టవరుకు కరెంటు ఆగిన పిమ్మట బ్యాటరీ కొన్ని గంటలు మాత్రమే పనిచేయును. తరువాత డీజిల్ జనరేటరు నడువవలెను. చెట్లు కూలి దారులు మూసికొనిపోయిన నాడు డీజిల్ ఎట్లు వచ్చును? టవరు నిలిచియున్నను మాట ఆగిపోవును.

అటుపిమ్మట ప్రపంచ బ్యాంకు సహాయముతో విశాఖ నగరమున తీగలను భూగర్భమునకు మార్చు పథకము చేపట్టబడినది. గాలికి ఇది మంచి జవాబే. కాని తీరమునకు గాలి ఒక్కటే శత్రువు కాదు. సముద్రపు గాలి తెచ్చు ఉప్పు పింగాణి బంధకములపై పేరుకొనును. మంచు తడి తగులగనే అది విద్యుద్వాహకమై, బంధకము మీదుగా విద్యుత్తు ఎగబ్రాకును. మడతలెక్కువగా గల బంధకములు, వానిని తరచు కడుగుట ఇందుకు విరుగుడు. భూగర్భ కేబులైనను ఎచ్చటనో ఒకచోట పైకి వచ్చి ప్యానెలులో చేరవలసినదే. ఆ ప్యానెలు పల్లమున ఉన్నచో నీరు ముంచివేయును. 2011లో జపానులోని ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రమున సునామీ నీరు దిగువనున్న జనరేటర్లను, స్విచ్‌బోర్డులను ముంచివేయుటయే పెను విపత్తునకు దారితీసినది.

అగ్ని ప్రమాదము వేరొకటి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఒక ఔషధ కర్మాగారమున జరిగిన ప్రేలుడులో 17 మంది మరణించిరి. ద్రావకము కారి విద్యుత్ పరికరముల వద్ద అంటుకొన్నదని అధికారులు తెలిపిరి. ఇట్టి ద్రావకముల ఆవిరి గాలికన్న బరువైనది. నేల వెంబడి ప్రాకును. ఉదజని గాలికన్న ఎంతో తేలిక. కప్పు క్రింద చేరును. గాలిలో అది నూటికి 4 మొదలు 75 పాళ్ల వరకు ఎంతయున్నను అంటుకొనగలదు. కావున ఒక కర్మాగారములో ప్యానెలుకు క్షేమమైన చోటు మరొకదానిలో ప్రమాదస్థానము కావచ్చును. ఒకచోటి పటమును మరొకచోట యథాతథముగా అనుకరించుట ఇందువలననే తప్పు.

వార్తాసౌకర్యము విషయమునను ఇట్టి ఆలోచనయే కావలెను. గాజుతీగ విద్యుత్తును ప్రవహింపనీయదు గనుక దాని వెంట పిడుగు ప్రవాహము రాదు. కాని దాని రెండు కొనలందలి యంత్రములకు కరెంటు కావలెను. నౌకలతో మాటలాడు వి.హెచ్.ఎఫ్. రేడియోకు సెల్ టవరు అవసరము లేదు. సొంత బ్యాటరీ చాలును. రెండు మార్గములు ఒకే విద్యుత్ మూలముపై ఆధారపడినచో అవి పేరుకు మాత్రమే రెండు.

అన్నిటిని జంటగా అమర్చుట మిక్కిలి ఖర్చుతో కూడినదను అభ్యంతరము సహేతుకమే. క్రేనులు, మోతబెల్టులు ఒకటి రెండు దినములు ఆగినచో నష్టము ధనమునకే. ప్రమాద ఘంట, అత్యవసర దీపము, రేడియో, అగ్నిమాపక పంపు ఈ నాలుగును ఒక్క గడియయైనను ఆగరాదు. ముందుగా వీనికి వేరు విద్యుత్ మూలము, వేరు దారి, ఎత్తైన చోటు కేటాయించి, పిదప మిగిలిన యంత్రముల సంగతి చూచు పథకమే ఈ తీరమునకు తగినది.