జపాన్ మాంగాలో మానవేతర బాలికల పేర్లు: శబ్దక్రీడ, వ్యక్తిత్వం

జపాన్ మాంగాలో సగం మనిషి, సగం వింతజీవి అయిన బాలికా పాత్రల నామకరణం తరచు శబ్దక్రీడతో ముడిపడి ఉంటుంది. 2012లో మొదలైన ఒకయాదో రచన ‘మాన్‌స్టర్ ముసుమే’లో సర్పకన్య జాతి పేరు ‘రమియా’, పాత్ర పేరు ‘మీయా’. సాలీడు కన్య జాతి పేరు ‘అరకునె’, పాత్ర పేరు ‘రకునెరా’. ముద్దుగా వినిపించినా ఇవి జాతినామాన్ని విరిచి చేసినవే. జాతిని మించిన పేరు ఆ వ్యక్తులకు దక్కలేదు.

2014లో మొదలైన పెతోస్ రచన ‘దెమి-చాన్ వ కతరితై’ మరో మార్గం పట్టింది. శీర్షికలోని చిత్రలిపిని సాధారణంగా ‘అజిన్’ అని చదువుతారు. ‘మనిషికి తర్వాతి స్థాయివారు’ అని దాని భావం. అయితే ఆ లిపికి ‘దెమి’ అనే ఉచ్చారణను చిన్న అక్షరాల్లో సూచించారు. శ్లేషలో ఒకే శబ్దానికి రెండర్థాలుంటే, ఇక్కడ ఒకే రాతకు రెండు పలుకులు. కథలో యువతరం వాడే ఈ పేరు పలుకులోని న్యూనతను తొలగిస్తుంది; కంటికి మాత్రం పాత మాటే కనిపిస్తుంది.

ఎండ పడని రక్తపిశాచి జాతి బాలికకు ‘హికరి’, అనగా ‘వెలుగు’, అని పేరు పెట్టడం జాతిని ధిక్కరించే చమత్కారం. మంచుకన్యను ‘యుకి’, అనగా ‘మంచు’, అనడం మళ్లీ జాతిలోకే లాగుతుంది. శీర్షికలోని ‘కతరితై’కి ‘మాట్లాడాలని ఉంది’ అని అర్థం. కానీ వారిని మాట్లాడించేది మనిషి అయిన జీవశాస్త్ర ఉపాధ్యాయుడి కుతూహలమే. పేరు మారినంత సులభంగా ప్రశ్నించే అధికారం చేతులు మారలేదు.