తుంగగడ్డయు గాలివాటమును

తొలకరి జల్లులు కురిసిన మూడవనాడు సూరతునుండి ఓల్పాడు పోవు త్రోవలోని నా అర ఎకరపు కౌలుచెక్కలో గొంతుకూర్చుండి, తుంగమొక్క నొకదానిని రెండు వ్రేళ్ళతో మొదలంట బట్టి మెల్లగా లాగితిని. మూడు పలకల కాడయు, నిగనిగలాడు ఆకులును, దారమువంటి సన్నని వేరును చేతికి వచ్చెను గాని, ఆ వేరు కొసను ఉండవలసిన గడ్డమాత్రము తెగి మట్టిలోనే నిలిచెను. బొరిగెతో జానెడు లోతు త్రవ్వి చూడగా నల్లని పొట్టు కప్పుకొన్న గడ్డ యొకటి, దానినుండి సాగిన వేరునకు మరియొకటి, ఆ వెనుక వేరొకటి, తావళమున పూసలవలె వరుసగా కనబడినవి. గోటితో గిల్లినచో లోపల తెల్లని కండ; కమ్మని పరిమళము. ఆయుర్వేదము తుంగముస్తలని ఆదరించిన గడ్డ యిదియే. వైద్యునకు ఓషధియైన యీ గడ్డయే నా కూరమడికి మూడేండ్లుగా తీరని వ్యాధియై యున్నది.

కరీంనగరు జిల్లాలో మగ్గము నేసి, వానకాలమున కొద్దిపాటి సేద్యము చేసిన మా నాయన, "తుంగను పీకితే పోదు బిడ్డా, తెంపినకొద్ది మొలుస్తది" అని పలుమారు చెప్పెడివాడు. బ్రతుకుతెరువునకై సూరతు చేరి, లింబాయతులోని మనవారి నడుమ మరమగ్గముల చప్పుడులో ఇరువదియేండ్లు గడపిన పిమ్మట, గోగుకూరయు బెండకాయయు మన చేతితో పండించి తినవలెనను కోరికతో ఈ చెక్కను కౌలునకు తీసికొన్నప్పుడు ఆ మాటలోని సత్యము నాకు మొదటిసారి బోధపడినది. ఇక్కడివారు తుంగను చీఢో అందురు. పేరు మారినను మొండితనము మారలేదు.

మొదటి యేడు నేను చేసిన తప్పు చెప్పుకొందును. దుకాణమునకు పోయి "గడ్డి మందు కావలెను" అని అడిగితిని. ఏ గడ్డి, ఏ పంట, మొక్క యెన్ని ఆకులమీద నున్నది అని వారడుగలేదు. అడుగవలెనని నాకును తెలియదు. వారిచ్చిన సీసాలోనిది, నేల మీద చల్లి గింజ మొలకను ఎదుగనీయక ఆపు జాతి మందు. చెరకునాటిన రెండుమూడు దినములలో, తేమగల నేలపై కొట్టునట్టి అట్రజిన్ వంటి మందులు ఈ జాతివే. గింజనుండి వచ్చు కలుపునకు అవి కట్టుదిట్టమైన కాపలా. కాని తుంగ గింజను నమ్ముకొన్న కలుపు కాదు గదా! గడ్డలో దాచుకొన్న బలముతో అది మందుపొరను చీల్చుకొని నిటారుగా లేచినది. పదునైదు దినములకు నా మడిలో సన్నని గడ్డి యంతయు పోయి, పోటీ లేక తుంగయే పచ్చని తివాచివలె పరచుకొన్నది.

అటుపిమ్మట గ్లైఫోసేటు కథ. 1974లో అమెరికాలో అంగడికి వచ్చిన యీ మందు ఆకుమీద పడి, మొక్క తాను వండుకొన్న ఆహారముతోపాటు వేరునకు, గడ్డకు దిగును. అందుచేతనే మొండి కలుపు విషయమున దీనికి అంత ప్రసిద్ధి. అయితే దీనికొక స్వభావము కలదు: మట్టిరేణువు తగిలినచో దానికే అంటుకొని నిర్వీర్యమగును. అది తెలియక, ఖాళీగానున్న మడిలో కొట్టుటకు, కాక్రాపారు కాలువలోని ఎఱ్ఱని బురదనీటినే పంపులో నింపితిని. ఆకులు కొద్దిగా పసుపుబారి, నెలతిరుగకుండనే మరల పచ్చబడినవి. పైగా నిద్రాణములైయున్న గడ్డలకు ఆకు లేదు. ఆకు లేనిదానికి మందు చేరు మార్గము లేదు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ఈ మందును శిక్షితులైన పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లద్వారానే వాడవలెనని ఉత్తర్వు వెలువరించినది. 2015లో ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనాసంస్థ దీనిని మనుష్యులకు బహుశా క్యాన్సరు కలిగించు పదార్థముల వర్గమున చేర్చినది. ముఖమునకు గుడ్డయైన కట్టుకొనక పంపు మోసిన ఆ దినమును తలచుకొన్నప్పుడెల్లను, నేను కొలచినది మందునే గాని జాగ్రత్తను గాదని మనసు నొచ్చును.

ప్రక్కచేని కాకా నాకు గురువైనాడు. ఆయనకొకవైపు చెరకు, మరియొకవైపు బెండ. చెరకులోని తుంగకు ఆయన తెచ్చునది హాలోసల్ఫ్యూరాన్ అను పొడిమందు; ఎకరమునకు 36 గ్రాములు, అనగా గుప్పెటలో ఇమిడిపోవు పొట్లము. "భాయ్, మూడునాలుగు ఆకులప్పుడే కొట్టాలి; ముదిరితే గడ్డ పిల్లలు పెట్టేస్తుంది," అని గుజరాతీలో చెప్పి, తుంగమొక్క నొకదానిని పెరికి ఆకులు లెక్కించి చూపెను. కొట్టిన మరునాడు ఏమియు కనబడదు. రెండు వారములకు గాని నడిమి ఆకు పాలిపోదు. ఓపికలేనివాడు మందు పనిచేయలేదని రెండవసారి కొట్టి డబ్బును పంటను పాడుచేసికొనును. నా మడి కూరగాయలది. ఆ మందు చెరకునకు చెల్లును గాని నా బెండకు చెల్లదు. పొట్లము మీది పంటపేరు చదువుట యీ విద్యలో ఓనమాలని నాకు కాకాయే నేర్పెను.

ఆయనకే నేను హాని చేసితిని. గట్టుమీద వయ్యారిభామ పూతకు వచ్చుచుండెను. దాని పుప్పొడికి నా భార్యకు ఉబ్బసము రేగును. గట్టున గరిక బ్రతుకవలెను, వయ్యారిభామ చావవలెను. గడ్డిజాతిని విడిచి వెడల్పాకు మొక్కను పట్టు 2,4-డి సరియైనదే. ఎన్నిక తప్పలేదు, తప్పినది వేళ. ఎండ చుఱ్ఱుమను మధ్యాహ్నమున, ఈస్టరు రూపములోని మందును, పడమటిగాలి వీచుచుండగా కొట్టితిని. ఈస్టరు వేడికి ఆవిరియై గాలితో పోవును. ఉప్పురూపములోనిది అంతగా పోదు. నాలుగవనాడు కాకా బెండవరుసలలో మొదటి నాలుగింటి చిగుళ్ళు ముడుచుకొని, ఆకులు ఈనెలు పొడుచుకొనివచ్చి కప్పకాళ్ళవలె వ్రేలాడెను. మొక్కలోని పెరుగుదల రసమును అనుకరించి దానిని మితిమీరి పెంచి చంపుట ఈ మందు పని. బెండ, ప్రత్తి ఒకే కుటుంబమునకు చెందినవి, రెండునూ దీనికి మిక్కిలి సుకుమారములు. ప్రపంచములో వాణిజ్యసేద్యమునకు వచ్చిన మొదటి సంకర ప్రత్తి, హైబ్రిడ్-4, 1970లో ఈ సూరతు పరిశోధనాక్షేత్రమునుండియే వెలువడినది, డాక్టరు సి.టి. పటేలుగారి కృషి. అట్టి ప్రత్తిసీమలో గాలివాటము చూడక ఈ మందు కొట్టితినిగదా యని సిగ్గుపడితిని. కాకా నన్నొక్క మాట అనలేదు. ఆ నాలుగు వరుసలను తానే పెరికివేసి, "మళ్ళీ విత్తుదాం," అనెను. విత్తనపు ఖర్చు నేనిచ్చితిని. ఆయన వద్దనుచునే పుచ్చుకొనెను.

మందు అసలే ముట్టరాని చోట్లును కలవు. సూరతులోని సింగణపోరు కాజ్‌వే మీద నిలబడి ఎగువకు చూచినచో తపతి నీటిపై గుర్రపుడెక్క ఆకుపచ్చని చేనువలె పరచుకొనియుండును. అమెజాను సీమనుండి పూవుల అందమునకై తేబడిన మొక్క. దాని గింజలు బురదలో ఏండ్లతరబడి బ్రతికియుండును. 2,4-డితో ఇది చావకపోదు. కాని నగరము త్రాగు నీరిది. చచ్చిన మొక్క కుళ్ళి నీటిలోని ప్రాణవాయువును హరించును. అందుచేత నగరపాలకులు యంత్రములతో దానిని పైకి తీసి ఒడ్డునకు చేర్చుచుందురు. ఖర్చు పెద్దది, పని తెగదు. అయినను అదియే సరియైన పని యని నా నిశ్చయము. వయ్యారిభామకును మందు అక్కరలేని విరుగుడుగా మెక్సికో పెంకుపురుగు కలదు. 1984లో బెంగుళూరు ప్రాంతమున విడువబడినది, వానలలో ఆకునంతయు జల్లెడ చేయును. మా గట్టున దానిని చూచినప్పటినుండి ఆ మూల నేను మందు కొట్టుట మానితిని.

ఇప్పుడు నా మడిగట్టున వెదురుకఱ్ఱకు మగ్గముల కాడ మిగిలిన పాలియెస్టరు గుడ్డపేలిక యొకటి కట్టియున్నది. ఊపిరివంటి గాలికైనను అది కదలును. కలుపుమందు పంపు వేరు, పురుగుమందు పంపు వేరు. రెంటికిని వేరు వేరు రంగుల మూతలు పెట్టితిని. మొన్న ఆదివారము గట్టుకు కొట్టుటకై ఉదయమే వెళ్ళి మంచినీరు వడగట్టి సిద్ధముచేసికొంటిని. పేలిక తూర్పునకు, కాకా బెండమడివైపునకు, మెల్లగా లేచినది. సీసా మూత తీయక సంచిలో పెట్టి, బొరిగె తీసికొని తుంగలో కూర్చుంటిని. మధ్యాహ్నమువరకు త్రవ్వి గడ్డలు తెగకుండ ఏరితిని, చిన్న గంపెడైనవి. కాకా గట్టునకు వచ్చి గంపలోనికి తొంగిచూచి, ఒక గడ్డను గోటితో గిల్లి వాసన చూచెను.